ఈశాన్యానికి తొమ్మిది

గెలిచినవాళ్ళు వినయంగా ఉండాలంటారు. నాకా సుగుణం లేదు. పద్నాలుగేళ్ళు జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా పిల్లల చేత కప్పల్ని కోయించి, ల్యాబులో సీసాలు లెక్కపెట్టుకుని, లెక్చరర్ల సంతకాల కోసం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడినదాన్ని. ఒక్కసారి గెలిచాను. ఆ ఒక్కసారి గురించి గట్టిగానే చెబుతాను. వినేవాళ్ళు విందురు గాక.

నా పేరు మనోరమ. చిక్కడపల్లిలో పుట్టి, రెండు గల్లీల అవతల చిక్కడపల్లిలోనే మెట్టాను. ఉద్యోగం నారాయణగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. ఇది పంతొమ్మిది వందల తొంభై ఆరు నాటి మాట. అప్పటికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు, పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకుని ఆరేళ్ళు. ముసలోళ్ళకు దసరా పండుగ అని మా ఆడపడుచు నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని, కానీ లోపల మండేది.

నా పని మూలకణాల మీద. అంటే ఇంకా ఏమీ కాని కణాలు. చర్మం కాదు, ఎముక కాదు, మెదడు కాదు. ముందు ముందు వాటిలో ఏదైనా కాగలవు. నావి ఎలుక కణాలు. ఊళ్ళో ఒక పెద్ద లాబరేటరీ వాళ్ళు దయతలచి చిన్న సీసాలో పోసి ఇచ్చారు. మనిషి కణాలు మా వంటివాళ్ళ చేతికి వచ్చే కాలం కాదది. కానీ నా చూపంతా మనిషి మీదే. అమ్మ కడుపులో రెండు వారాలకు మనమందరం ఒక గుండ్రటి చిన్న బిళ్ళ. మూడో వారంలో ఆ బిళ్ళ మీద ఒక గీత పడుతుంది. తల ఎటో, కాళ్ళు ఎటో అప్పుడే తేలుతుంది. ఎలా తేలుతుందో కడుపులోకి తొంగి చూసినవాళ్ళు లేరు, తొంగి చూడడం తగదు కూడా. అందుకని ఆ ఘడియకు ఒక నమూనా గాజు పళ్ళెంలో తయారు చేసుకోవాలి.

చేసే తీరు చెబుతాను, కష్టమేమీ కాదు. గాజు పళ్ళెం మూత లోపలి వైపు, కణాలు కలిపిన ద్రవాన్ని చిన్న చిన్న చుక్కలుగా పెట్టి, మూతను నెమ్మదిగా బోర్లిస్తాం. చుక్కలు కింద పడవు, మూతకు పట్టుకుని వేలాడతాయి. ఒక్కో చుక్కలో రెండు వందల దాకా కణాలు. అవి చుక్క అడుక్కి దిగి, ఒకదాన్నొకటి అతుక్కుని ఉండ కడతాయి. గసగసాల గింజ కంటే చిన్న ఉండ. పళ్ళేలను వెచ్చగా ఉంచడానికి ఒక పాత ఇంక్యుబేటర్ ఉండేది. మేం దాన్ని పెట్టె అనేవాళ్ళం. కణాలకు మామూలు గాలి పనికిరాదు, బొగ్గుపులుసు వాయువు కాస్త ఎక్కువ ఉండాలి. మా దగ్గర సిలిండరు లేదు. అందుకని పళ్ళేలను పెద్ద గాజు జాడీలో పేర్చి, వాటి పక్కన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించేదాన్ని. కొవ్వొత్తి కాసేపు వెలిగి తనంతట తనే ఆరిపోతుంది. అప్పటికి జాడీలో గాలి సరిపోయేట్టు తయారవుతుంది. ఇక జాడీని పెట్టెలో పెట్టేయడమే.

ఆ కొవ్వొత్తే నా కొంప ముంచబోయింది.

మా ప్రిన్సిపాల్ వీరరాఘవరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా గాంధీనగర్‌లో స్థిరపడిన మనిషి. లెక్కల మాస్టారు. అంత కాలేజీలో నన్ను "అమ్మా" అని పిలిచే ఒకే ఒక్క పెద్దమనిషి ఆయన. ల్యాబుకి గది లేదని అందరూ చేతులెత్తేస్తే, ఎప్పుడో మూతపడ్డ హాస్టల్ మెస్సు వంటగది తాళం తీయించి ఇచ్చింది కూడా ఆయనే. ఆయనకున్న జబ్బు ఒకటే, వాస్తు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో అది జలుబులా అందరికీ అంటుకుంది. అశోక్ నగర్‌లో గుమ్మం పగలగొట్టి ఇంకో చోట పెట్టించుకోని ఇల్లు వెతికినా దొరికేది కాదు.

గది తెరిచిన రోజు ఆయన కొబ్బరికాయ కొట్టి, నేను కొవ్వొత్తి వెలిగించడం చూశారు. "లోపల అగ్ని ఉంటుందన్నమాట. అయితే పెట్టె ఆగ్నేయ మూలలోనే ఉండాలమ్మా," అన్నారు. గది ఇచ్చినాయన మాట. ఏ మూలైతే నాకేంటి అనుకుని సరేనన్నాను.

ఐదేళ్ళు ఉండలు ఉండల్లానే వచ్చాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, అన్నీ గుండ్రం. చుక్కలో కణాలు ఎన్ని ఉండాలో, ఎన్నో రోజు చూడాలో మార్చి మార్చి చేసుకుంటూ పోయాను. తొంభై ఐదు డిసెంబరులో ఒక పొద్దున, నాలుగో రోజు మూత తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఉండలు గుండ్రంగా లేవు. సాగాయి. ఒక కొన లావుగా, ఒక కొన సన్నగా. నా కళ్ళ మీద నాకే నమ్మకం చాలక, గది తుడుస్తున్న మాసమ్మను పిలిచాను. మాసమ్మ మా ల్యాబు అటెండరు. చదువు లేదు గానీ, ఆమె కంటికి తప్పించుకున్న దుమ్ము రేణువు నేనెరగను.

"మాసమ్మా, జర ఇది చూడు. ఎట్లున్నది?"

ఆమె చాలాసేపు చూసింది. "గుండ్రంగ లేదమ్మా. సాగింది. పల్లికాయ లెక్క."

నేను లాగలేదు, నెట్టలేదు, మందేమీ పోయలేదు. అన్నీ ఒకే రకం కణాలు. అయినా వాటిలో అవే ఒక ముందూ ఒక వెనకా ఏర్పరచుకున్నాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. మళ్ళీ మళ్ళీ చేశాను, మళ్ళీ మళ్ళీ సాగాయి. రిపోర్టు రాసి యూనివర్సిటీకి పంపించాను.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం కమలాకుమారి గారు వచ్చారు. నా పరిశోధన ముందుకు సాగాలా వద్దా అని తేల్చే నిపుణురాలు ఆమె. పిండం తొలి దశల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. నేను మైక్రోస్కోపు సిద్ధం చేసి నిలబడితే, ఆమె దాని వైపు చూడనే లేదు. గదంతా ఒకసారి కలియజూసి, హ్యాండ్‌బ్యాగులోంచి గుండ్రటి పెన్సిలు తీసి నేల మీద పెట్టారు. పెన్సిలు దొర్లుకుంటూ పోయి, ఆగ్నేయ మూలలో పెట్టె కాళ్ళ దగ్గర ఆగింది. వంటగది కదా, కడిగిన నీళ్ళు పోవడానికి నేలను ఆ మూలనున్న తూము వైపు వాలుగా కట్టారు. ఐదేళ్ళు ఆ నేల మీద నడిచి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు.

"చూశారా మనోరమా? మీ పెట్టె వాలులో ఉంది. చుక్క ఒరిగితే లోపలి కణాలూ ఒరుగుతాయి. మీ ఉండలు పెరిగి పొడవైనవి కావు, జారి పొడవైనవి."

"గట్ల జారితే ఒక కొన సన్నగ ఎందుకైతది మేడమ్?"

"అది మీరే తేల్చండి. ఆరు వారాలిస్తున్నాను. మార్చి పదిహేనున వస్తాను. జాడీ మూత నేనే తీస్తాను, ఆ రోజు నాకంటే ముందు ఎవరూ తీయకూడదు. వాలు కాదని తేలిందా, మీకంటే నేనే ఎక్కువ సంతోషిస్తాను. తేలలేదా, రిజిస్ట్రేషన్ రద్దు చేయమని రాస్తాను. ఆరేళ్ళు తక్కువేం కాదు కదా."

రద్దయితే గదీ పోతుంది. కంప్యూటర్ కోర్సులకు చోటు కావాలని మేనేజ్‌మెంటు దాని మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉంది. ఆ సాయంత్రం నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నడిచాను. గది పోతుందని కాదు. ఆమె చెప్పిందే నిజమేమో అన్న భయం. డిసెంబరు నుంచి నేను సంబరపడింది వంటగది తూముని చూసి అయితే, ఇక నా మొహం నేను ఎక్కడ పెట్టుకోను?

మర్నాడు నేను పెట్టె ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మాసమ్మ చీపురు పక్కన పెట్టింది. ఈ ఉద్యోగానికి ముందు ఆమె అశోక్ నగర్‌లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నప్పుడు మేస్త్రీల దగ్గర సిమెంటు మోసింది. ఆమె తమ్ముడు ఇప్పటికీ మేస్త్రీయే.

"నేల వాలుంటే నేలను తిడితే ఏమొస్తదమ్మా? పెట్టెను లెవల్ జేద్దాం పట్టు," అంది.

తమ్ముడి దగ్గర్నుంచి రసమట్టం తెచ్చింది, మేస్త్రీలు గోడ మీద పెట్టి చూసుకునే బుడగ పట్టీ. పెట్టెను ఆ మూల నుంచి లాగి, పడమటి గోడ దగ్గర పెట్టాం. దాని నాలుగు కాళ్ళ కింద రేకు ముక్కలు, అట్ట ముక్కలు ఒక్కొక్కటే దూరుస్తూ, తీస్తూ, మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. చివరికి మాసమ్మ నడుం పట్టుకుని లేచి, "బుడగ నడిమిట్ల నిలవడ్డది. ఇగ ఆ దేవుడొచ్చినా జారదు," అంది.

దేవుడు రాలేదు, ప్రిన్సిపాల్ గారు వచ్చారు. గుమ్మంలో నిలబడి పడమటి గోడ వైపు చూసి, వేళ్ళ మీద దిక్కులేవో లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయారు. అప్పుడే నేను అర్థం చేసుకోవలసింది.

మొదటి రెండు ప్రయత్నాలకూ బూజు పట్టింది. మూడోదానికి కరెంటు పోయి పెట్టె చల్లబడింది. గడువు దగ్గరికొచ్చేసరికి ఒక్క ప్రయత్నానికే వ్యవధి మిగిలింది. మార్చి పదకొండు, సోమవారం పొద్దున, నాలుగు మూతల మీద మొత్తం తొంభై ఆరు చుక్కలు పెట్టాను. ప్రతి చుక్కకీ ఒక నంబరు. ప్రతి మూత అంచు మీద గోళ్ళ రంగుతో ఎర్రటి బొట్టు, ఆ బొట్టు ఎప్పుడూ ఉత్తరానికి ఉండేట్టు పేర్చాను. ఏ ఉండ ఎటు సాగిందో దిక్కు రాసుకోవడానికి ఆ ఏర్పాటు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి తీసి చూస్తే, ముప్ఫై ఒక్క ఉండలు అప్పుడే సాగడం మొదలుపెట్టాయి. మట్టంగా ఉన్న పెట్టెలోనే. సన్నటి కొన ఏ దిక్కుకు ఉందో నంబరు వారీగా నోట్‌బుక్కులో రాశాను. మిగతా అరవై ఐదూ ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. మళ్ళీ కొవ్వొత్తి వెలిగించి జాడీ బిగించి పెట్టెలో పెట్టాను. ఆ రోజు నాకు బషీర్‌బాగ్‌లో పరీక్షల డ్యూటీ పడింది. "ఎవ్వర్నీ రానియ్యకు," అని మాసమ్మకు చెప్పి, బస్సెక్కాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, అదీ శుభసూచకమే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

మూడింటికి తిరిగొచ్చాను. పడమటి గోడ దగ్గర పెట్టె లేదు. ఆగ్నేయ మూలలో, తూము పక్కన, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మీద నిమ్మకాయ పెట్టి ఉంది. రసమట్టం తీసి దాని నెత్తిన పెట్టాను. బుడగ ఒక చివరకు పోయి అంటుకుంది.

మాసమ్మ గోడకానుకుని నిలబడింది. ఏడ్చినట్టుంది. "పదకొండు గొట్టంగ సారే వొచ్చిండమ్మా, నలుగురిని తోలుకొని. వద్దు సార్, మేడమ్ గుస్స అయితది అన్న. మీ మేడమ్ మంచికే అన్నడు. లోపలి జాడీని ముట్టలే. తూర్పు మొకం తూర్పుకే ఉంచి, తొణకకుండ మెల్లగ జరిపిచ్చిండు. నేనేం జేద్దు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరికీ తెలుసు. ఆ రోజు అది ముక్కు దాటి నెత్తికెక్కింది. ప్రిన్సిపాల్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాను.

"సార్, నా పెట్టెను ఎందుకు జరిపిచ్చిండ్రు?"

"కూర్చో అమ్మా."

"కూసోను. చెప్పుండ్రి."

ఆయన చేతిలో కాగితాలు పక్కన పెట్టారు. "ఆగ్నేయంలో ఉన్నప్పుడే కదమ్మా నీకా పొడుగు ఉండలు కనబడ్డాయి? నీకు కలిసొచ్చిన చోటు అది. అగ్నిని తీసుకెళ్ళి పడమట పెట్టావు, మూడుసార్లు పాడైపోయాయి. నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. రేపు నీకు పరీక్ష. సిద్ధాంతి గారిని అడిగి ముహూర్తం పెట్టించాను. చూడు, రేపు అవన్నీ ఈశాన్యానికి తిరిగి ఉంటాయి. ప్రాణమున్నది ఏదైనా మొదట చూసేది ఈశాన్యాన్నే."

"మీ వాస్తు పాడుగాను. నా ఆరేండ్లు మంట్ల గలిపిండ్రు సార్."

పెద్దాయన మొహం పాలిపోయింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయి అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "పొరపాటు చేశానా?" అన్నారు.

"చేసిండ్రు," అని వచ్చేశాను. వరండాలోకి వచ్చాక గానీ నేనన్నది నాకే వినబడలేదు. నాకు గది ఇచ్చిన మనిషిని, నన్ను అమ్మా అని పిలిచే మనిషిని అంత మాటన్నాను. అయినా వెనక్కి వెళ్ళి క్షమించమనడానికి మనసొప్పలేదు.

ల్యాబులో మాసమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని సిద్ధంగా ఉంది. "జరుపుదాం పట్టమ్మా. అటెండర్లను పిలుస్త. ఐదు నిమిషాల పని."

నేనూ పెట్టె మీద చేయి వేశాను. వేసి, ఆగిపోయాను. కోపం కాస్త దిగితే గానీ నాకు బుర్ర పనిచేయదు, అప్పుడే దిగడం మొదలుపెట్టింది. పొద్దున పదకొండు దాకా పెట్టె మట్టంగా ఉంది. ఆ తర్వాత వాలులో ఉంది. మట్టంలో సాగిన ముప్ఫై ఒకటి ఎటు సాగాయో నా నోట్‌బుక్కులో ఉంది. వాలే కారణమైతే, మిగిలిన అరవై ఐదూ ఇప్పుడు తూము వైపే సాగాలి, సాగినవి కూడా అటు మళ్ళాలి. కారణం కాకపోతే, ఈ మూల వాటిని ఏమీ చేయలేదు. నాకు తట్టని పరీక్షను ఆయన నిమ్మకాయ పెట్టి మరీ చేసి పెట్టారు. ఇప్పుడు నేను దాన్ని మళ్ళీ పడమటికి లాగితే, నా మాట మీద నాకే నమ్మకం లేనట్టు.

"వద్దు మాసమ్మా. అట్లనే ఉండనీ."

"వాలుల ఉంటదమ్మా!"

"ఉండనీ. నిజమైతే వాలులనన్నా నిజమే కావాలె."

ధైర్యంగానే అన్నాను. ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

శుక్రవారం పదకొండింటికి కమలాకుమారి గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, ఆగ్నేయ మూల వైపు, పసుపు కుంకుమల వైపు చూశారు. "మళ్ళీ అక్కడే పెట్టారా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, విసుగు ఉంది. విసుగే ఎక్కువ భయపెట్టింది నన్ను.

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి ప్రిన్సిపాల్ గారు ముందుకొచ్చారు. "నేను జరిపించానండి. నిన్న. ఈ అమ్మాయికి చెప్పకుండా. తప్పు నాది, శిక్ష ఆమెకు వేయకండి," అన్నారు.

"అయితే ఈ రోజు చూసి లాభమేముంది?"

"ఉన్నది మేడమ్," అని నోట్‌బుక్కు ఆమె చేతిలో పెట్టాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుని మొత్తం విన్నారు.

"అంటే, నా లెక్క ప్రకారం అన్నీ ఆగ్నేయానికి జారాలి. సార్ లెక్క ప్రకారం ఈశాన్యానికి తిరగాలి. మీరేమో ఏ దిక్కూ కాదంటారు."

"దేని దిక్కు దానిదే అంటున్న మేడమ్. ఒక్కోటి లోపలి నుంచే తేల్చుకుంటున్నది, బయటి నుంచి ఎవ్వరు జెప్తలేరు. మీరే చూడుండ్రి. నేను ముట్టను."

ఆమె జాడీ తీశారు. మూతల్ని ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టి, ఎర్ర బొట్టును ఉత్తరం అనుకుని, నంబరూ దిక్కూ పైకి చదవసాగారు. ప్రిన్సిపాల్ గారు ఎవరూ అడగకుండానే చాక్‌పీసు అందుకుని బోర్డు మీద ఎనిమిది గళ్ళు గీశారు. లెక్కల మాస్టారు కదా, గీత గీసినా స్కేలు పెట్టినట్టుంటుంది. ఆమె చెబుతుంటే ఆయన ఆ గడిలో ఒక నిలువు గీత. నేను నోట్‌బుక్కులో టిక్కులు పెడుతున్నాను.

"ఒకటి, పడమర. రెండు, గుండ్రం. మూడు, ఆగ్నేయం. నాలుగు, ఆగ్నేయం. ఐదు... ఆగ్నేయం."

మాసమ్మ నా భుజం పట్టుకుంది. ఐదో నంబరు నిన్న నా నోట్‌బుక్కులో లేదు, వాలులోకి వచ్చాకే సాగింది. అంతే, అయిపోయింది, తూమే గెలిచింది అనుకున్నాను.

"ఆరు, ఉత్తరం. ఏడు, పడమర. ఎనిమిది, దక్షిణం. తొమ్మిది, తూర్పు," అని ఆమె చదువుకుంటూ పోయారు. మొదటి మూత అయ్యేసరికి బోర్డు మీద ఎనిమిది గళ్ళలోనూ గీతలు పడ్డాయి. రెండో మూతకు ఆమె గొంతు మారింది. పాఠం చదువుతున్నట్టు ఉన్న గొంతు, జాబు విప్పి చదువుతున్నట్టు అయింది. నాలుగో మూత అయ్యాక ఆమె తల ఎత్తలేదు. "కూడండి సార్," అన్నారు.

తొంభై ఆరులో డెబ్భై ఒకటి సాగాయి. ఉత్తరం ఏడు, ఈశాన్యం తొమ్మిది, తూర్పు పదకొండు, ఆగ్నేయం ఎనిమిది, దక్షిణం పది, నైరుతి ఆరు, పడమర పన్నెండు, వాయవ్యం ఎనిమిది.

ప్రిన్సిపాల్ గారు బోర్డు ముందు నిలబడి పెదాలు కదుపుతూ భాగహారం చేసుకున్నారు. "దిక్కుకు సుమారు తొమ్మిది రావాలి. ఈశాన్యానికి తొమ్మిది," అన్నారు నెమ్మదిగా. "దాని వాటా దానికి వచ్చింది, ఒక్కటి ఎక్కువ కాదు. వీటికి ఏ దిక్కు మీదా పక్షపాతం లేదండి. నేను చెప్పింది తప్పు." ముప్ఫై ఏళ్ళు నమ్మిన మాటను ముప్ఫై క్షణాల్లో లెక్క చూసి వదులుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. నిన్న నేనన్న మాటకు అప్పుడు సిగ్గుపడ్డాను.

"ముప్ఫై ఒకటి సంగతి?" అన్నారు కమలాకుమారి గారు.

నోట్‌బుక్కు ఇచ్చాను. నిన్నటి దిక్కూ నేటి దిక్కూ పక్కపక్కన. ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకున్నారు. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటీ నిన్న ఎటు ఉన్నాయో ఈ రోజూ అటే. వాలులోకి తెచ్చినా ఒక్కటీ తల తిప్పలేదు. వాలులోకి వచ్చాక సాగిన నలభైలో ఆగ్నేయానికి వెళ్ళినవి నాలుగే.

ఆమె అంతటితో వదల్లేదు. వదిలే మనిషి అయితే ఆమె మాటకు అంత విలువ ఉండేది కాదు. "పొడుగైతే చాలదు. రెండు కొనలకూ తేడా ఉందని ఎలా చెబుతారు?" అన్నారు.

దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఒక రంగు ఉంది. ఇంకా ఏమీ కాకుండా మూలకణంగానే ఉన్నదానికి అది ఎర్రగా పడుతుంది. ఏదో ఒకటి కావడం మొదలుపెట్టినదానికి పట్టదు. ఆమె ఎంచిన పది ఉండలకు ఆమె కళ్ళ ముందే రంగు వేశాను. అరగంట ఆగాలి. మాసమ్మ టీ తెచ్చింది. నలుగురం ఆ పాత వంటగదిలో గ్లాసులు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాం. నా టీ చల్లారిపోయింది.

ఆమె కడిగి, మైక్రోస్కోపులో పెట్టి, చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత లేచి, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

పదింటికి పదీ ఒకటే తీరు. సన్నటి కొన ఎర్రగా, లావు కొన తెల్లగా. ఒకే సీసాలోంచి, ఒకే రకంగా మొదలైన కణాలు, ఇటువి ఒకటై, అటువి ఇంకొకటై నిలబడ్డాయి. మూడో వారంలో మనిషి పిండంలో జరిగే పనికి అచ్చమైన పోలిక, నా వంటగదిలో, కొవ్వొత్తి గాలిలో. నా కళ్ళు మసకబారాయి, అద్దం తుడవాలేమో అనుకున్నాను.

"ఇవి జారలేదు మనోరమా," అన్నారు కమలాకుమారి గారు. "నేను తప్పు చెప్పాను. రద్దు మాట మర్చిపోండి, సిద్ధాంత గ్రంథం రాయడం మొదలుపెట్టండి. నిన్న పెట్టెను వెనక్కి జరపకుండా ఉంచారే, అదే మొదటి అధ్యాయం చేయండి. నేనైతే జరిపేసేదాన్ని."

నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. పద్నాలుగేళ్ళలో నన్ను ఎవరూ మెచ్చుకోలేదని కాదు; నేను చూసింది నిజమని ఎవరూ అనలేదు. మాసమ్మ మైక్రోస్కోపులోకి వంగి, "నేను డిసంబర్లనే చెప్పిన గద, పల్లికాయ లెక్కున్నయని," అని అందరికీ వినబడేట్టు అంది.

ప్రిన్సిపాల్ గారు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. "నేనొకసారి చూడొచ్చా అమ్మా?" అన్నారు. లేచి ఆయన్ను కూర్చోబెట్టాను. పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, ఒక కన్ను మూసి, మరో కంటితో చూశారు.

"మనిషికీ ఇలాగేనా?"

"ఇవి ఎలుకవి సార్. మనిషిల చూడనీకి రాదు. గానీ మూడో వారంల దారి ఇట్లాంటిదే అని నా నమ్మకం."

"అంటే నేనూ ఒకప్పుడు ఇంతే ఉన్నానన్నమాట."

"మీరు, నేను, మాసమ్మ, మేడమ్. అందరం."

ఆయన తల ఎత్తకుండానే అడిగారు, హాస్యానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "అప్పుడు నా తల ఏ దిక్కుకు ఉండి ఉంటుందమ్మా?"

నిన్నటి కోపం ఉంటే దీనికి నా దగ్గర పది జవాబులుండేవి. ఆ రోజు ఒక్కటే ఉంది. "మీ అమ్మ ఎటు తిరిగి పండుకుంటే అటు సార్."

ఆయన మైక్రోస్కోపు మీద నుంచి లేవలేదు. "మా అమ్మ ఒక పక్కకు కుదురుగా పడుకున్న మనిషి కాదు. రాత్రంతా పిల్లల మీద దుప్పట్లు సర్దుతూనే ఉండేది," అన్నారు. తర్వాత తనే ముందు నవ్వారు. కమలాకుమారి గారు నవ్వారు, మాసమ్మ నవ్వింది. నేనైతే, పక్క క్లాసు పిల్లలు వచ్చి కిటికీలోంచి తొంగి చూసేంత గట్టిగా నవ్వాను.